పదమూడు వందల ముప్పై రెండు దగ్గర

రాత్రి పదకొండు దాటాకే కొలవాలి.
పగలైతే సిరిపురం బస్సులు
మూడో అంతస్తు దాకా నేలని వణికిస్తాయి,
కటకం కింద చుక్క నిలవదు.

ముందు సిలికాన్ ముక్కని పలకరించాలి.
ఐదు వందల ఇరవై దగ్గర అది పలికితేనే
యంత్రం ఇవాళ నిజం చెబుతుందని లెక్క.
కంసాలి త్రాసులో
ముందు గురిగింజని పెట్టి చూసుకున్నట్టు.

లైట్లు ఆర్పేస్తాను.
ఆకుపచ్చ లేజరు
ఆవగింజలో వెయ్యోవంతు చోట వాలుతుంది.
పంపిన వెలుగు పంపినట్టే తిరిగొస్తుంది,
గుమ్మంలోంచే మంచినీళ్లు తాగి వెళ్లిపోయే చుట్టంలా.
కోటిలో ఒక్కటి మాత్రం
లోపలికెళ్లి, ఎవరినో కదిపి,
ఒంట్లో కాస్త సత్తువ అక్కడే వదిలేసి
రంగు మారి వస్తుంది.
నాకు కావలసింది అదొక్కటే.

మొదటి పొర. బోరాన్ లేదు.
తెర మీద ఒకే గీత,
పదమూడు వందల ముప్పై రెండు,
సూదిలా, రెండు పక్కలా సమానంగా.
ఎంత అందమో!
మీటరు ముళ్లు ఆనిస్తే
కరెంటు చుక్క కూడా పారలేదు.

రెండోది. కాస్త బోరాన్ కలిపాం.
నాలుగు చేతుల కార్బన్ల వరసలో
మూడు చేతులతో నిలబడేది బోరాన్.
ఆ ఖాళీని పక్కది పూడిస్తే
ఖాళీ పక్కింటికి పోతుంది,
అక్కణ్ణించి ఆ పక్కింటికి.
నడిచేది ఆ ఖాళీయే.
గీత ఒక వైపు ఒరిగింది,
భీమిలి దారిలో ఉప్పుగాలికి
ఒంటివైపు పెరిగిన సరుగుడులా.

మూడోది ఇంకా ఒరిగింది.
దిగే చోట చిన్న గుంట.

నాలుగోది నల్లగా ఉంది.
ముప్పై ఏళ్లుగా వాక్యూమ్ పంపుల ఊపిరి వింటున్న
పోలినాయుడు గారు దాన్ని పట్టకారుతో ఎత్తి
"ఏటమ్మా, ఇది వజ్రమేటి?
కుంపట్లో మసినాగుంది" అన్నారు.

గీత లేదు.
ఐదు వందల దగ్గరొకటి, పన్నెండు వందలు దాటాక ఒకటి,
రెండు బండ మూపురాలు, అంతే.
పద్దెనిమిది గంటలు తీగని ఎర్రగా కాల్చి,
మీథేన్ బుడ్డి సగం ఖాళీ చేసి
నేను పెంచింది మసేనా?

మసి నాకు కొత్త కాదు.
మాది జ్ఞానాపురం.
పోర్టు బొగ్గు గాలెక్కి వచ్చి
ఆరేసిన బట్టల మీద, పెరుగు మూత మీద,
తమ్ముడి లెక్కల పుస్తకం మీద కూర్చుంటుంది.
అమ్మ రోజుకి మూడుసార్లు కిటికీ తుడుస్తుంది,
ఎవరినో తిడుతూ. ఎవరినో ఆవిడకీ తెలీదు.

మర్నాడు ఆ గుడ్డ సంచిలో వేసుకొచ్చాను.
గాజుపలక మీద దులిపి, లేజరు కింద పెట్టాను.
పదమూడు వందల యాభై, పదిహేను వందల ఎనభై.
మసి తన పేరు తానే చెప్పుకుంది.

మళ్లీ నాలుగో పొర.
పదిహేను వందల ఎనభై దగ్గర
ఏమీ లేదు.
ఇంకోసారి చూశాను. చోటు మార్చి చూశాను.
ఏమీ లేదు.
ఇది మసి కాదు.
బోరాన్ కిక్కిరిసి, ఖాళీలన్నీ ఒకదానిలోకొకటి పొంగి,
సూదిలాంటి ఆ గీతని
ఆ గోలలో ముంచేసింది.

పోలినాయుడు గారు ముళ్లు పట్టుకున్నారు.
నేను మీటరు చదివాను: పదమూడు ఓములు.
"మళ్లీ సూడు."
పదమూడే.
ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని
"మసని నోరు జారీసినాను" అన్నారు,
నాతో కాదు, ఆ ముక్కతో.

బల్ల కింద క్యాన్‌లో గులాబి రంగు అద్దకం నీళ్లు
నెలరోజులుగా కాచుకుని ఉన్నాయి.
ఈ నల్లవజ్రాన్ని అందులో ముంచి కరెంటు పెడితే
రంగు విరుగుతుందో లేదో సోమవారం తెలుస్తుంది.
తెలియకపోనూ వచ్చు.

ఇంటికెళ్లేసరికి ఒంటిగంట.
అమ్మ మేలుకునే ఉంది.
పదమూడు ఓముల సంగతి చెబుదామని నోరు తెరిచాను.
"నా మసిగుడ్డ ఏదే?" అంది.
ల్యాబులో మర్చిపోయాను.
పాత చీర కొంగు చించుతూ
కిటికీ వైపు నడిచింది.