కుర్చీ ఎప్పుడూ కాదనలేదు

మూడు నెలలు కుర్చీతో నాట్యం చేశాను.
నీలం ప్లాస్టిక్ కుర్చీ, ఒక చెయ్యి విరిగింది.
పోర్టు క్వార్టర్స్ డాబా మీద, డ్యూటీ దిగాక,
సుద్దముక్కతో పాదాలు గీసుకుని
ఒకటి, రెండు, మూడు.
ఒకటి, రెండు, మూడు.
కుర్చీ ఎప్పుడూ కాదనలేదు.
కాలు తొక్కితే అబ్బా అనలేదు.
నేను తప్పితే తనూ తప్పింది,
అందుకే నాకు తప్పు తెలియలేదు.
ఇంకేం, వచ్చేసిందనుకున్నాను.

వాల్తేరు రైల్వే కాలనీ దాటాక
బేకరీ మీద మేడగది.
ఎర్ర గచ్చు, ఎన్నేళ్ల చెప్పులు పాలిష్ పట్టాయో.
డోరీన్ టీచరుకి డెబ్బై ఎనిమిది.
"వాల్తేరులో ఉండి వాల్ట్జ్ రాకపోతే ఎలాగయ్యా"
వచ్చిన ప్రతివాడితోనూ అదే జోకు,
ప్రతిసారీ ముందు తనే నవ్వుతుంది.
"ఎవరితో సాధన చేశావు?" అంది.
"ఒక్కణ్ణే" అన్నాను, కొంచెం గర్వంగానే.
ఈసారి నవ్వలేదు.
వరహాలు గారిని పిలిచింది.

కేజీహెచ్‌లో హెడ్ నర్సు వరహాలు.
నైట్ డ్యూటీ కళ్లు, డెటాల్ వాసన,
తెల్ల కాన్వాస్ బూట్లు.
నా చేతిలో చెయ్యి వేసింది.
అంతే.
డాబా మీద గీసుకున్న పాదాలన్నీ
వాన పడ్డ సుద్దలా పోయాయి.

ఆమెకి బరువుంది. ఊపిరుంది.
బెట్టు చేసే ఎడమ మోకాలొకటి ఉంది.
నేను అడుగు వేసినచోట
అప్పటికే ఆమె ఉంది.
"అబ్బ!"
"సారీ" అన్నాను.
"సారీ తరవాత చెబుదురు గాని,
నన్నెటు తీసికెళ్దామనుకున్నారో ముందది చెప్పండి.
నోటితో కాదు."

ఇరవై రెండేళ్లుగా టగ్గు నడుపుతున్నాను నేను.
డాల్ఫిన్స్ నోస్ పక్కన, ఇరుకు కాలవలో,
ముడి ఇనుము ఓడ నా తాడు చివర ఉంటుంది.
పైలట్ వాకీటాకీలో చెప్పేలోపే
తాడు చెబుతుంది:
బిగుస్తోంది, వదులవుతోంది,
ఇదిగో ఇప్పుడు వద్దంటోంది.
ముందొక టగ్గు లాగుతుంది, పక్కనొకటి నెడుతుంది,
ఒకదాని మనసు ఒకటి పట్టుకోకపోతే
జెట్టీ పగులుతుంది.
ఇదంతా తెలిసినవాణ్ణే.
ఆ తెలిసిన చేతుల్ని
పోర్టు గేటు దగ్గర వదిలేసి వచ్చినట్టున్నాను.

నాలుగో బుధవారం వరహాలు అంది:
"మీ కుడికాలు లెగకముందే
మణికట్టు కాడ నాడి గంతేస్తాది, తెలుసా?
నేనింక లెక్కెట్టడం మానేసినాను.
అదే వింటన్నాను."
సిగ్గేసింది.
నా గురించి నాకు తెలియనిది
నాకంటే అర సెకను ముందు
ఇంకొకరికి తెలిసిపోతోంది.

పాట సగంలో టీచరు చప్పట్లు. మార్చండి!
బ్యాంకు క్యాషియరు హైమకి తొందర.
ప్రతి మలుపులోనూ ముందే చేరి
చిల్లర తేనివాణ్ణి చూసినట్టు చూస్తుంది.
ఆడవాళ్లు తక్కువైన రోజు
యూనివర్సిటీ కుర్రాడు ఇర్ఫాన్ నన్ను నడిపించాడు.
మొదటిసారి నేను వెనక్కి నడిచాను.
కళ్లు లేని వీపుతో
ఎదుటివాణ్ణి నమ్మడం.
ఇన్ని వారాలుగా వరహాలు చేసింది అదే,
ఒక్క మాట అనకుండా.
కాదు, ఒక్క మాట అంది. అబ్బ.

ఇప్పుడూ తొక్కుతాను. మొన్న కూడా తొక్కాను.
తనూ నన్ను తొక్కింది,
తేదీ వేసి రాసిపెట్టుకున్నాను.
కుర్చీ మీద వడియాలు ఎండుతున్నాయి.

నిన్న రాత్రి ఇరవై ఎనిమిదో నంబరు బస్సులో
జగదాంబ దగ్గర డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు.
చేపల తట్ట పట్టుకున్న పెద్దావిడ
నా భుజం మీదకి ఒరిగింది.
నా మోకాలు తనంతట తనే కొంచెం వంగి
ఆ బరువునందుకుని, తిరిగి నిలబెట్టింది.
తట్టలో నీళ్లు తొణకలేదు.
ఆవిడ నన్ను ఎగాదిగా చూసి
"ఏటి బాబూ, పడవోడివా?" అంది.
అవునో కాదో చెప్పేలోగా
బస్సు కదిలింది.
ఇద్దరం ఒకేసారి వెనక్కి ఊగాం.