ఎంగిలి

నవంబరు పదిహేను. తుపాకుల పండగ మొదటిరోజు.
మిషిగన్ ఈశాన్యపు మూల,
ఫైరింజన్ షెడ్డు ముందు మా బల్ల.
పికప్ ట్రక్కులు వరస కట్టి వస్తాయి
వెనక తొట్టిలో కాళ్లు చాపిన జింకలతో.
మాకు ఒళ్లు అక్కర్లేదు, తలలు చాలు.

ఎక్కడ కొట్టారు, ఏ వాగు పక్కన,
మ్యాపు మీద వేలు పెట్టించి రాసుకుంటాను.
దవడ తెరిచి పళ్లు చూస్తాను:
ఏడాదిన్నర. రెండున్నర. నాలుగున్నర.
జింకలకు పుట్టినరోజులుండవు గానీ
అన్నిటికీ ఆ అర ఉంటుంది,
అన్నీ వసంతం చివర పుట్టినవే కనక.

తర్వాత కత్తి.
గొంతు వెనక, నాలుక మొదట్లో రెండు గ్రంథులు.
బాగుంటే నానబెట్టిన బాదంపప్పుల్లా జారతాయి.
లేకపోతే కత్తికి ఇసుక తగులుతుంది,
వెనకే ముద్దపప్పు లాంటి చీము.

కాఫీ ఊదుకుంటూ వేటగాళ్లు అడుగుతారు:
"తినొచ్చా?"
"బాగా ఉడికించండి. ల్యాబు నుంచి కార్డు వస్తుంది."
ఈ రెండు వాక్యాలే నా ఉద్యోగం.

ఆర్విన్ పిలార్‌స్కీ అడగడు.
పోయిన మార్చిలో అతని కొట్టంలోంచి
అరవై ఒక్క పాడి ఆవుల్ని లారీలకెక్కించారు.
పరీక్షలో ఒక్కదానికే వాపు.
ఇప్పటికీ తెల్లారుజామున నాలుగున్నరకి లేచి
ఖాళీ కొట్టంలో రేడియో పెట్టి వస్తాడట.

అతను తెచ్చిన తలకి
ఎడమ చెవి కొస చీలి ఉంది.
ఆ చెవిని నేనెరుగుదును.

రోడ్డుకి అవతల వెర్నా డోల్ట్ వంటిల్లు.
లియోన్ పోయాక మూడు శీతాకాలాలు
సంచులకొద్దీ క్యారెట్లు మంచులో కుప్ప పోసి
కిటికీ అద్దం మీద రెండుసార్లు తట్టేది.
అడవి అంచు నుంచి ముందుగా ఆ చెవి వచ్చేది.
కుప్పలు పొయ్యొద్దని నోటీసు నేనే ఇచ్చాను.
ఫ్రిజ్ తలుపుకి అంటించుకుంది,
ఆ జింక ఫొటో పక్కనే.

చొక్కా అంచు కప్పి కొరికితే కాకెంగిలి,
అది ఎంగిలి కాదని పిల్లలు నమ్ముతారు.
జింకలకు చొక్కాల్లేవు.
ఒకటి కొరికి వదిలిన ముక్క ఇంకోటి అందుకుంటుంది.
ఉమ్ము చలికి గడ్డ కడుతుంది,
అందులో ఉన్నది చావకుండా కాచుకుంటుంది.

ఆ రోజు కత్తికి ఇసుక తగిలింది.

జనవరిలో కాగితం వచ్చింది.
కార్డు కాల్చినవాడికే వెళ్తుంది,
మేపినవాళ్లకి వెళ్లదు.
అందుకని నేనే వెళ్లాను.

తలుపు తీస్తూనే అంది,
"చెవి చిరిగింది రావడం లేదు."
బూట్ల మంచు దులపడానికి
అవసరమైనదానికన్నా ఎక్కువసేపు పట్టింది నాకు.

"దగ్గు వినపడలేదే! దగ్గంటే నాకు తెలుసు,
లియోన్ పక్కన పదకొండు నెలలు పడుకున్నాను."

జింకలు దగ్గవు, వెర్నా.
పక్కటెముకల లోపల ముత్యాలు పేర్చుకుని కూడా
కంచె దూకుతాయి.
ఇది పైకి అనలేదు.

చాలాసేపు కొట్టం వైపు చూసింది.
"ఆ అరవై ఒక్కటీ... నా క్యారెట్లేనా?"
ఏ దారిన వెళ్లిందో ఎవరూ చెప్పలేరన్నాను.
సగం నిజం. నా దగ్గరున్నది ఆ సగమే.

మిగిలిన అరసంచి సింకులో గుమ్మరించి
ఒక్కొక్కటే చెక్కు తీసింది.
సూపులో ఉప్పు మర్చిపోయింది, నేను అడగలేదు.
తింటుండగా వచ్చాయవి, ఐదు,
నిరుడు కుప్ప ఉన్నచోటికి.
ఏమీ లేని మంచుని నాకాయి
ఒకదాని తర్వాత ఒకటి, అదే చోట.

వెర్నా లేచింది. పొండి, పొండి అంటూ
అద్దం మీద గట్టిగా తట్టింది.

ఐదూ తలలెత్తి, చెవులు నిక్కించి,
ఇంటి దగ్గరికి వచ్చాయి.