నలభై మూడో పేజీ

పేపర్లో వేశారు, ఆకునేత్రం మూతబడిందంట.
హైదరాబాదు ఫండు వాళ్ళకి
పద్నాలుగు కోట్లు పొయ్యాయంట.
"పాపం" అన్నాడు మా ఆయన.
నేను చారులో పోపేసి
చెయ్యి కొంగుకి తుడుచుకొని
ఖాతా పుస్తకం తీశాను.

టంగుటూరులో పొగాకు వేలం జరిగే కాడ,
ఎదురు సందులో మాది పద్దెనిమిది కంచాల మెస్సు.
పిల్లోళ్ళు పన్నెండుమంది మేడ మీద అద్దెకి దిగారు.
ఆకుకి ఫోను చూపిస్తే చాలు,
ఏ గ్రేడో మిషనే చెప్పుద్దన్నారు.
కార్లల్లో పెద్దోళ్ళు వచ్చి
చూసి, చప్పట్లు కొట్టి పొయ్యారు.
ఆ పూట ముప్పై ఒక్క భోజనాలు,
గోంగూర, కొర్రమీను పులుసు, రెండు రకాల స్వీటు.
రాసుకోమన్నారు.
రాసుకున్నాను.

ఒక మధ్యాన్నం క్యారేజీ తీసుకొని మేడెక్కితే
వెనక గదిలో మిషను కనపడింది.
మిషనంటే మా అంకమ్మ.
పక్కన మస్తానమ్మ, ఇంకా తొమ్మిదిమంది,
ఇరవై ఏళ్ళు మండెల కాడ ఆకు ఏరినోళ్ళు,
చాప మీద గోడకానుకొని
ఫోన్లో బొమ్మ పడంగానే
పండు, పచ్చి, మచ్చ, మాడు
అని వేలితో నొక్కతా ఉండారు.
కింద రైతు
"అబ్బ, ఏం తెలివి!" అంటన్నాడు.

"ఎవురికీ చెప్పమాక అక్కా" అంది అంకమ్మ.
"మేం దానికి నేర్పతన్నామంట.
అది నేర్చుకున్నాక జీతమంట."

అది నేర్చుకోలా.
ఆర్నెల్ల కూలి మాత్రం తినింది.

పాలసీ డబ్బులకి వచ్చిన ఏజెంటు మాలకొండయ్యని
ఫండుకి దుడ్లు యాడియ్యి అని అడిగితే
కాఫీ ఊదుకుంటా చెప్పాడు,
"జనం దాచుకున్నయ్యే గదమ్మా.
నువ్వు కట్టే దాంట్లో కూడా
ఒక చిటికెడు పొయ్యుండొచ్చు."
నాకు చానాసేపు అర్థం గాలా.
గిన్నెలు తోముతుంటే అయ్యింది.
నా దుడ్లతో వచ్చి
నా కాడే అప్పు తిన్నారు.

ఆఖరి రాత్రి వాళ్ళ పెద్ద, నిహాంత్, ఒక్కడే వచ్చాడు.
తలెత్తకుండా పెరుగన్నం తిని
కంచం తనే కడిగి పెట్టాడు.
నా బాకీలో వాడు తీర్చింది అదొక్కటే.
బెంగుళూరులో ఇంకోటి పెట్టాడంట,
ఈసారి మిరపకాయలకి.

నిన్న అంకమ్మ వచ్చింది, గోళ్ళల్లో మళ్ళీ ఆకు జిగురు.
పేపరోళ్ళు తన లెక్క అడగలేదంది.
"నీ పుస్తకంలో చోటుందా అక్కా?"
నలభై మూడో పేజీలో,
ముప్పై ఒక్క భోజనాల కింద
పదకొండు పేర్లు రాశాను,
ఒక్కోదాని పక్కన ఆర్నెల్లు.
పైన ఏం రాయమంటావే అంటే
"పెట్టుబడి పెట్టినోళ్ళు" అంది,
నవ్వకుండా.
రాస్తా ఉంటే అన్నం పొంగింది.
లేచి మూత తీసి వచ్చి
మిగతా అక్షరాలు పూర్తి చేశాను.