రాతిపువ్వు రంగు

హారిస్ దీవిలో వాన వెలిసిన పూట
రాతిపువ్వు తేలిగ్గా ఊడుతుంది.
అరిగిన చెంచాతో బండల్ని గీకుతూ
పొద్దంతా గడిపింది బేహక్.
ఒక వరస ఉన్ని, ఒక వరస రాతిపువ్వు, మళ్ళీ ఉన్ని.
ఇనప కుండ నిండాక వాగు నీళ్ళు.
కింద, చిత్తడినేలలో కోసి ఎండేసిన
మట్టిగడ్డల మంట.

పటిక అక్కర్లేదు.
ఈ రంగుకి మధ్యవర్తులు గిట్టరు, పట్టిందంటే వదలదు.
సాయంత్రానికి తుప్పు కలిసిన ఎరుపు,
చిమ్మట కూడా ఆమడ దూరం ఉండే వాసన.

మేజోళ్ళు అల్లి ఇస్తే
ఫెరహర్ పడవెక్కే ముందు విప్పి గట్టున పెట్టాడు.
"రాతి మీది రంగు రాయి దగ్గరికే పోతుంది.
నీళ్ళల్లో పడితే అడుక్కి లాగేస్తుంది,"
అన్నాడు, నవ్వకుండా.
నీలం జత తొడుక్కుని వెళ్ళాడు.

ఆమె ఏమీ అనలేదు.
ఎర్ర జత తనే తొడుక్కుంది, పాదాలకి వదులు.
మూడు రోజుల గాలివానలో
రేవు చివరి బండ మీద నిలబడింది,
లాగేదేదో ఇటే లాగనీ అని.

నాలుగో నాడు తెరచాప.
బేహక్ అప్పుడు వంగి చూసుకుంది:
ఎడమ మడమ దగ్గర చిరుగు.
ఇంట్లో ఆ రంగు ఉన్ని
ఇంకో మూరెడైనా మిగిలిందో లేదో.