అడ్రసు గడి

మా వార్డులో తొమ్మిది నెలలంటే తొమ్మిది నెలలే.
పది రోజులు దాటితే
అర్ధరాత్రైనా పెద్ద డాక్టరమ్మని లేపుతాం.
ధర్మపురి రోడ్డులో నా ఇంటికి
ఇది నలభై మూడో నెల.
ఎవర్ని లేపాలో తెలియదు.

బిల్డరు జగదీశ్వర్రావు గారు మంచి మనిషి.
ఫోనెత్తకపోవడం ఆయనకి చేతకాదు,
అదే నా ఖర్మ.
"సిరిమాను తిరిగిన మర్నాడు
తాళాలు మీ చేతిలో పెడతానమ్మా" అన్నారు.
ఏ ఏటి సిరిమానో నేను అడగలేదు.
మూడు తిరిగాయి.
ఏటా పైడితల్లమ్మ కల్లోకొచ్చి
ఫలానా ఊళ్లో ఫలానా పెరట్లో
నా చింతమాను ఉందని చెప్పి మరీ తెప్పించుకుంటుంది.
మా లిఫ్టు ఎక్కడుందో
ఎవరి కల్లోనూ చెప్పదు.

నాగావళి పొంగింది, ఇసుక లేదన్నారు.
నాగావళి తగ్గింది, ఇసుక వచ్చింది,
మేస్త్రీలు ఊడ్పులకి వెళ్లిపోయారు.
మేస్త్రీలు వచ్చారు, మూఢం వచ్చింది.
మూఢంలో గోడకి పూత పూస్తే ఏమవుతుందండీ అంటే
"మీ మంచికే కదమ్మా" అన్నారు.
వంటింటికి నేనెంచుకున్న పలకల రంగు,
లేత పనసతొన రంగు,
ఈలోగా కంపెనీ వాళ్లే మానేశారట.

ఐదో తారీకు బ్యాంకు కోసుకుంటుంది.
పదో తారీకు కొత్తపేట అద్దె.
ఆలస్యమైతే చదరపుటడుక్కి నెలకి ఐదు రూపాయలని
ఒప్పందం పన్నెండో పేజీలో ఉంది.
చూపిస్తే ఆయన కళ్లజోడు తుడుచుకుని
వేరేవాళ్ల శుభలేఖలా చదివి
మడిచి తిరిగిచ్చారు.

పద్నాలుగు మందిమి కొన్నాం.
గజపతినగరం హెడ్మాస్టారు కొళాయి తిప్పి
"గాలి వస్తోంది, శుభం" అన్నారు.
రెరాకి రాద్దామని ఆయనే కాగితం మొదలెట్టారు.
అది అందరిళ్లూ తిరిగొచ్చేసరికి
ఇద్దరు తగ్గారు,
బిల్డరు వాళ్లకి మేనత్త వైపు చుట్టమట.

మా ఆయన ఆదివారాలు టేపు పట్టుకెళ్లి హాలు కొలుస్తాడు.
పదమూడున్నర.
పోయిన వారమూ పదమూడున్నరే.
అయినా చీటీ మీద రాసుకుంటాడు
జ్వరం చార్టులా.

అక్కడ పొయ్యి వెలిగేది ఒక్కచోటే.
లిఫ్టు కోసం తవ్విన గోతి పక్కన
ఖాళీ సిమెంటు సంచుల గోడ,
వాచ్‌మన్ అసిరయ్య, అతని పెళ్లాం ఎర్నమ్మ.
ఆమె వేసిన ఆనపపాదు
పొడుచుకొచ్చిన ఇనప చువ్వలు పట్టుకుని
రెండంతస్తులెక్కి
మా బాల్కనీలో కాసింది.
ముహూర్తం చూడకుండా గృహప్రవేశం.
"మీ గుమ్మంలో కాసీసినాదమ్మా,
మీదే, అట్టుకెళ్లీండి" అంది.
పులుసు పెట్టాను.
నా ఇంటి నుంచి నాకొచ్చిన మొదటి రాబడి.

మొన్న ఆషాఢంలో నైట్ డ్యూటీ.
వానలో ఆటో దిగింది ఎర్నమ్మ,
నెలలు సరిగ్గా నిండి.
నాలుగూ ఇరవైకి ఆడపిల్ల,
రెండు కిలోల తొమ్మిది వందలు.
కేసు షీటు నింపుతున్నాను.
పేరు, వయసు, రక్తం గ్రూపు.
అడ్రసు గడి దగ్గర అడిగితే
ఎర్నమ్మ కళ్లు మూసుకునే చెప్పింది:
"ఏటి సెప్పమంతారమ్మా,
పాలకొండ అవతల ఇల్లు పడిపోనాది.
ఇప్పుడుంతన్నది మీ కాడే కదా."

పెన్ను కాసేపు ఆగింది.
తర్వాత రాశాను:
వైజయంతి రెసిడెన్సీ, ధర్మపురి రోడ్డు, విజయనగరం.
బ్రోచర్లలో, రసీదుల్లో తప్ప
ఆ పేరు ఒక మనిషి పక్కన పడటం
అదే మొదలు.

పొద్దున్న డ్యూటీ దిగి ఫోన్ చేశాను, అలవాటు.
ఆయన ఎత్తారు, అదీ అలవాటే.
"దసరాకి లిఫ్టు బిగించేస్తామమ్మా, ఈసారి పక్కా.
ముందు ఆ గోతి దగ్గర
వాచ్‌మన్ వాళ్ల మకాం ఖాళీ చేయించాలి."

సరే అనలేదు. వద్దనీ అనలేదు.
ఇంకో నాలుగు రోజుల్లో ఐదో తారీకు.
లోపల ఆ గుంట
వెలుతురికి ఇంకా కళ్లు చిట్లిస్తోంది.
"ఏ దసరాకండీ?"
ఇన్నాళ్లకి మొదటిసారి అడిగాను.
ఆ గొంతు తొందరపెడుతున్నదో
ఆగమంటున్నదో
అవతల ఆయనకి తెలిసిందేమో,
నాకు తెలియలేదు.