శుక్రవారం ఆఖరి పీరియడ్

సిలబస్ అవ్వలేదని
సంగీతం పీరియడ్ నేనే లాక్కునేవాణ్ణి, ప్రతి శుక్రవారం.
సువార్తమ్మ టీచర్ ఏమీ అనేది కాదు.
నరసాపురం నుంచి పంటెక్కి వచ్చి
జీతం రాని నాలుగో నెలలోనూ
ఉప్పుగాలికి బిగిసిన మెట్లు
స్టాఫ్ రూములో దూదితో తుడుచుకునేది.

ఇవాళ బెల్లయ్యాక
మర్చిపోయిన క్యారేజీకని వెనక్కెళితే,
వేళ్ళు విచ్చుకోని నూకరాజు
ముణికట్టుతో హార్మోనియం తిత్తి తోస్తున్నాడు.
"ఊపిరి నీది, మెట్లు నావి" అంటోందావిడ.
వాడు అలిసిపోతే పాట ఆగుతోంది.
పదిమంది పిల్లలు, నోళ్ళు తెరుచుకునే,
వాడి చెయ్యి లేచేదాకా ఆగుతున్నారు.

నా క్లాసులో వాడికోసం
ఏ లెక్కా ఆగలేదు.

గుమ్మంలో కూర్చున్నాను, క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని.
శుక్రవారాలు తిరిగిచ్చేస్తాను సరే,
ఆవిడకి ఆఖరి పంటు ఎన్నింటికో
ఇన్నాళ్ళూ అడగనేలేదు.