నీలి నాలుక

సున్నాకి ముప్పై నాలుగు డిగ్రీలు కింద.
కిటికీ బయట లువ్సాన్‌దోర్జ్ జీపు
ఆగకుండా దగ్గుతూ నిలబడి ఉంది.
ఇంజను ఆపితే మళ్లీ రాజుకోదని
ఈ స్తెప్పీలో పసిపిల్లలకీ తెలుసు.

మంచుతుఫానుకి నెట్ పోయి నాలుగు రోజులు.
డిసెంబరు లెక్క మాత్రం ఆగదు:
ఎవరింట ఎన్ని గొర్రెలు, ఎన్ని మేకలు,
ఎన్ని గుర్రాలు, ఒంటెలు.
ఇంటింటి కాగితమూ స్కాన్ చేసి
రాత్రికల్లా జిల్లా కేంద్రానికి చేర్చాలి.

పెన్ డ్రైవ్ అతనిదే.
తాళంచెవుల గుత్తికి తోలుతాడుతో వేలాడేది.
గుచ్చాను. కాపీ అన్నాను.
మొదటి నిమిషం పందెపు గుర్రం.
తర్వాత
నెలలు నిండిన ఆవు.

మిగిలిన సమయం నలభై నిమిషాలు.
మిగిలిన సమయం పదకొండు గంటలు.
మిగిలిన సమయం ఆరు నిమిషాలు.
ఇంత నిలకడలేని మాట
మా పశువైద్యుడి నోటకూడా వినలేదు.

ముందు దాన్ని తిట్టాను, చవక సరుకని.
తర్వాత కంప్యూటర్ని.
తర్వాత నన్ను:
వంగక్కర్లేదని పదేళ్లుగా
ముందువైపు రంధ్రంలోనే గుచ్చుతున్నాను.
టార్చి పళ్లతో కరిచిపట్టి బల్ల కిందికి దూరాను.
డబ్బా వెనక దుమ్ము, ఎండిపోయిన ఈగ,
ఎవరి కోటు నుంచి రాలిందో గుప్పెడు ఉన్ని.
దాని చాటున రెండు రంధ్రాలు, నీలి నాలుకలతో.
గొర్రెకి నాలుక నీలమైతే రోగం.
దీనికి అదే బలం.

కాస్త నయం. కాస్తే.

ఫైళ్లు లెక్క చూశాను:
పద్దెనిమిది వేలు, ఒక్కొక్కటీ గోరంత.
దొడ్డి గుమ్మం దగ్గర
ప్రతి గొర్రెనీ ఆపి, చెవి గుర్తు చూసి,
పద్దు రాసుకుని వదులుతోంది పాపం.
మందనంతా ఒకే మూట కట్టి లారీకెత్తాను.

అయినా ఈడుస్తోంది.
కడుపు తడిమి చూద్దును కదా,
వందకి తొంభై ఆరుపాళ్లు నిండి ఉంది!
పేరు లేని ఒకే ఒక్క ఫోల్డరు.

బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికొచ్చాడు.
"ఇది తీసేయనా?" అంటూనే నొక్కాను.

తోయిగ్, తోయిగ్, తోయిగ్...

పిల్లని దగ్గరికి రానివ్వని గొర్రెకి
ఒక ముసలి గొంతు పాడుతోంది.
వెనక కెటిల్ మూత టపటప.
ఎవరిదో తుమ్ము.
గొంతు మధ్యలో ఆగి ఎవరినో కసిరి
మళ్లీ పాటలోకి వెళ్లింది.

అతను ఏమీ అనలేదు.
బయటికెళ్లాడు.
ఇంజను చప్పుడు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దానికి పక్కగదిలోంచి
ముగ్గురు పరిగెత్తుకొచ్చారు, ఏమైందని.
అతను నా పొయ్యి పక్కన కుర్చీ లాక్కుని
టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.
మళ్లీ పెట్టమని అడగలేదు.
పెట్టాను.

ఆ పాటలన్నీ నా కంప్యూటర్లోకి తోడాను.
ఇచ్చేటప్పుడు దానికి ఏ నొప్పీ లేదు,
పుచ్చుకునేటప్పుడే మొరాయింపు.
మూడు నిమిషాల్లో ఖాళీ.
పలక తుడిచినట్టు తుడిచి మూట ఎక్కించాను.
నాలుగు నిమిషాలు.

తెరమీద గీత నిండగానే చెయ్యి చాపాడు.
మణికట్టు పట్టుకుని ఆపాను.
"అయిపోయిందన్నది తెర. అది అనలేదు."
చిన్న దీపం ఇంకా కొట్టుకుంటోంది.
మేమిద్దరం
దాని కళ్లలోకే చూస్తూ నిలబడ్డాం,
ఆరేదాకా.

సంగతి ఊహించిందే. జీపు ఉలకదు, పలకదు.
నిప్పుల పళ్లెం ఇంజను కింద పెట్టాం.
అరగంటకి ఐదుగురం భుజాలు ఆనించాం.
పశువైద్యుడు కూడా వచ్చాడు, రేపొస్తానన్నవాడు.
మొండికేసిన ఇనుముని నెడుతూ, ఆవిరి కక్కుతూ
మాలో ఎవరో మెల్లిగా అందుకున్నారు:

తోయిగ్, తోయిగ్, తోయిగ్...

మూడోసారికి దగ్గింది.